ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్: దరఖాస్తు పంపడం తేలికే, కాగితం రాబట్టడమే అసలు పని

సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలను సమాచారం అడగడానికి 2013 ఆగస్టు నుంచి ఒక పోర్టల్ ఉంది. సిబ్బంది, శిక్షణ శాఖ దాన్ని నడుపుతుంది. మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ బ్యాంకులు, రైల్వే, ఈపీఎఫ్‌వో, కేంద్ర విశ్వవిద్యాలయాలు అన్నీ కలిపి రెండు వేలకు పైగా కార్యాలయాలు ఇందులో చేరాయి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు, ధ్రువపత్రం జత చేస్తే చాలు. పోస్టులో పంపాలంటే 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ కొనాలి, అది ఎవరి పేరిట తీయాలో తెలుసుకోవాలి, స్పీడ్ పోస్టు ఖర్చు భరించాలి. ఆ లెక్కన చూస్తే ధర విషయంలో ఈ సేవకు వంక పెట్టేదేమీ లేదు.

పోర్టల్‌కు రెండు సగాలున్నాయి. మీ దరఖాస్తును తీసుకునే సగం బాగానే పనిచేస్తుంది. జవాబు తెచ్చి ఇచ్చే సగం మాత్రం అవతల కుర్చీలో ఉన్న అధికారి మీద, అంతకు మించి మీరు రాసిన నాలుగు ముక్కల మీద ఆధారపడి ఉంటుంది. పోర్టల్ పనికిరాదని తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది మొదటి తెరలోనే దారి తప్పి ఉంటారు.

ముందుగా, అసలు సైటులోనే ఉన్నారో లేదో చూసుకోండి. చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉండాలి. మీ తరఫున దరఖాస్తు వేసిపెడతామని వందల్లో తీసుకునే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో పైన కనబడుతుంటాయి. వాటి అవసరం లేదు.

మొదటి తెరలో రెండు జాబితాలు వస్తాయి. ఒకదాంట్లో మంత్రిత్వ శాఖ, రెండోదాంట్లో దాని కింద ఉన్న కార్యాలయం ఎంచుకోవాలి. మీ దరఖాస్తు నేరుగా సమాచార అధికారి దగ్గరికి పోదు. ముందు ఆ సంస్థ నోడల్ అధికారి తెర మీదకు వెళ్తుంది, ఆయన సంబంధిత సమాచార అధికారికి (సీపీఐవో) పంపుతాడు. అందుకని 'పెద్ద ఆఫీసుకు పెడితే గట్టిగా పనవుతుంది' అనుకుని పైస్థాయి కార్యాలయాన్ని ఎంచుకుంటే నష్టం మీకే. డివిజన్‌లో ఉన్న ఫైలు కోసం రైల్వే బోర్డును అడిగితే అది ఢిల్లీ నుంచి జోన్‌కు, జోన్ నుంచి డివిజన్‌కు దిగాలి. దిగే ప్రతి మెట్టు దగ్గరా రోజులు కరిగిపోతాయి. మరో కార్యాలయానికి బదిలీ చేయాల్సి వస్తే 5 రోజుల్లో చేయాలని సెక్షన్ 6(3) చెబుతోంది. జవాబిచ్చే 30 రోజుల గడువు మాత్రం కొత్త కార్యాలయానికి చేరిన రోజు నుంచి మొదలవుతుంది.

కాబట్టి వేయాల్సిన మొదటి ప్రశ్న 'ఈ కాగితం ఎక్కడ పుట్టింది, ఇప్పుడు ఎవరి బీరువాలో ఉంది' అన్నది. పోలవరం సంగతే తీసుకోండి. జాతీయ ప్రాజెక్టు కదా అని కాంట్రాక్టరు బిల్లుల కోసం ఈ పోర్టల్‌కు వస్తారు. పనులు చేయించేది, బిల్లులు పాస్ చేసేది ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ. ఆ బిల్లులు ఇక్కడ దొరకవు. కేంద్రం తిరిగి చెల్లించిన సొమ్ముకు సంబంధించిన ఉత్తరాలు, పోలవరం ప్రాజెక్టు అథారిటీ సమావేశాల మినిట్స్, కేంద్ర జల సంఘం ఇచ్చిన సాంకేతిక అనుమతులు అయితే కేంద్రం దగ్గర ఉంటాయి, వాటిని అడగొచ్చు. ఉపాధి హామీ కూడా అంతే. చట్టం కేంద్రానిదే అయినా మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) ఉండేది మండలంలో ఎంపీడీవో కార్యాలయంలో. ఎంపీ నిధులు ఏటా 5 కోట్లు కేంద్రం నుంచి వస్తాయి, పనుల మంజూరు ఫైలు మాత్రం జిల్లా కలెక్టరేట్‌లో ఉంటుంది. పీఎం కిసాన్ సొమ్ము వేసేది కేంద్రం, అర్హత చూసేది రాష్ట్ర వ్యవసాయ శాఖ. రాష్ట్ర కార్యాలయానికి చెందిన దరఖాస్తు ఇక్కడ వేస్తే వెనక్కి వస్తుంది, కట్టిన 10 రూపాయలు తిరిగి రావు. సైటులోనే ఈ మాట రాసి ఉంది, చదివేవాళ్లే తక్కువ.

ఇక రెండో తెర. పేరు, చిరునామా, ఈమెయిల్, పౌరసత్వం నింపాక దరఖాస్తు రాయడానికి ఒక పెట్టె వస్తుంది. అందులో 3,000 అక్షరాలే పడతాయి, ఖాళీలతో కలిపి. పోర్టల్‌లో అతి చిరాకు పెట్టేది ఇదే పెట్టె. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కామా, చుక్క, అడ్డగీత, బ్రాకెట్లు, ఏటవాలు గీత లాంటి కొన్ని గుర్తులు తప్ప మరేదీ ఒప్పుకోదు. వర్డ్‌లో టైపు చేసి తెచ్చి అతికిస్తే వంకర కొటేషన్ గుర్తులు, పొడవాటి అడ్డగీతలు, రూపాయి గుర్తు వెంట వస్తాయి. వాటిలో ఒక్కటి మిగిలినా దరఖాస్తు ముందుకు కదలదు. నోట్‌ప్యాడ్‌లో రాసి, రూపాయి గుర్తు బదులు ఇంగ్లిష్‌లో 'Rs' అని పెట్టి, సెమికోలన్లు తీసేసి అతికిస్తే గొడవ ఉండదు.

మరి తెలుగులో రాయాలంటే? చట్టం అడ్డు చెప్పదు. ఇంగ్లిష్, హిందీ, లేదా దరఖాస్తు చేసే ప్రాంతపు అధికార భాషలో అడగవచ్చని సెక్షన్ 6(1) స్పష్టంగా చెబుతోంది. పెట్టె మాత్రం తెలుగు అక్షరం ముట్టుకోదు. సైటుకు హిందీ పేజీ ఉంది, తెలుగు పేజీ లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా దీన్ని సరిచేయకపోవడం సాంకేతిక ఇబ్బంది అంటే నమ్మబుద్ధి కాదు. ప్రస్తుతానికి ఉన్న దారి ఇది: తెలుగు దరఖాస్తును పీడీఎఫ్ చేసి జతపరచండి, పెట్టెలో 'దరఖాస్తు జతచేశాను, చూడగలరు' అని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాయండి. పీడీఎఫ్ 1 ఎంబీ దాటకూడదు, ఫైలు పేరులో ఖాళీలు ఉండకూడదు. ఫోనుతో తీసిన ఫొటోలను పీడీఎఫ్ చేస్తే రెండు పేజీలకే పరిమితి దాటిపోతుంది, కాబట్టి నలుపు తెలుపులో స్కాన్ చేయండి. 3,000 అక్షరాలు చాలనివాళ్లకు కూడా ఇదే మార్గం. దరఖాస్తు మామూలుగా 500 పదాలు మించకూడదని 2012 నాటి నిబంధనలు అంటాయి. అయితే ఆ ఒక్క కారణంతో తిరస్కరించకూడదనీ అవే నిబంధనల్లో ఉంది.

ఆధార్, పాన్ కార్డులు జత చేయకండి. వద్దని పోర్టలే చెబుతోంది. ఎందుకు అడుగుతున్నారో కూడా రాయనక్కర్లేదు, సెక్షన్ 6(2) అందుకే ఉంది. సంఘం పేరుతోనో కంపెనీ పేరుతోనో అడిగితే పౌరుడు కాదన్న సాకు దొరుకుతుంది, వ్యక్తి పేరుతోనే వేయండి. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట: భారత పాస్‌పోర్టు ఉంటే ఎక్కడి నుంచైనా అడగొచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు పౌరులు కారు కనుక వాళ్లకు ఈ హక్కు లేదు. ఊళ్లో ఉన్న బంధువు తన పేరుతో అడగడానికి అడ్డేమీ లేదు.

అసలు సరుకు పెట్టెలో మీరు ఏం రాశారన్నదే. సమాచార అధికారి పని తన దగ్గరున్న కాగితం ఇవ్వడం. అభిప్రాయం చెప్పడం, కారణాలు వెతకడం, లేని పట్టిక తయారుచేసి ఇవ్వడం ఆయన బాధ్యత కాదని 2011లో సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదే తీర్పు విద్యార్థి తన జవాబు పత్రం చూసుకునే హక్కునూ నిలబెట్టింది. 'మా ఊరి మీదుగా పోయే జాతీయ రహదారి పని రెండేళ్లుగా ఎందుకు ఆగింది, బాధ్యులెవరు, చర్యలేం తీసుకుంటారు' అని రాస్తే 'ఇది సెక్షన్ 2(ఎఫ్) కింద సమాచారం కాదు' అనే ఒక్క వాక్యం జవాబుగా వస్తుంది. చట్టప్రకారం దాన్ని తప్పు పట్టలేం కూడా.

అదే సంగతిని ఇలా అడిగి చూడండి. ఒకటి, ఫలానా ప్యాకేజీ కాంట్రాక్టు ఒప్పందం ప్రతి, షెడ్యూళ్లతో సహా. రెండు, పని మొదలైనట్టు లెక్కవేసే అపాయింటెడ్ డేట్ ఖరారు చేసిన లేఖ. మూడు, ఇప్పటివరకు ఇచ్చిన గడువు పొడిగింపు ఉత్తర్వులన్నీ, వాటికి కాంట్రాక్టరు రాసిన విన్నపాలతో సహా. నాలుగు, 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు అథారిటీ ఇంజినీరు (పనిని పర్యవేక్షించే ఇంజినీరు) ఇచ్చిన నెలవారీ ప్రగతి నివేదికలు. ఐదు, అదే కాలానికి చెల్లింపు జరిగిన స్టేజ్ పేమెంట్ స్టేట్‌మెంట్లు. ఆరు, ఈ ఫైలు నోట్‌షీట్లతో (అధికారులు తమ వ్యాఖ్యలు రాసే కాగితాలు) సహా తనిఖీ చేయడానికి తేదీ, సమయం.

ఎందుకు ఆగిందన్న జవాబు మూడో అంశంలోని ఉత్తరాల్లో దొరుకుతుంది. భూమి అప్పగించలేదనో, కరెంటు స్తంభాలు మార్చలేదనో కాంట్రాక్టరు స్వయంగా రాసుకుని ఉంటాడు. అందరూ ఎం బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) అడుగుతారు గానీ, డిజైన్ నుంచి నిర్మాణం దాకా కాంట్రాక్టరే చూసుకునే ఈపీసీ పద్ధతి కాంట్రాక్టులో చెల్లింపులు దశల శాతాల ప్రకారం జరుగుతాయి, అందుకే ఐదో అంశం అలా రాయాలి. నిర్మించే సంస్థ కూడా పెట్టుబడి పెట్టే హైబ్రిడ్ యాన్యుటీ, బీవోటీ పద్ధతి రోడ్లయితే అథారిటీ ఇంజినీరు స్థానంలో ఇండిపెండెంట్ ఇంజినీరు ఉంటాడు. కాగితం పేరు సరిగ్గా రాస్తే అడిగేవాడికి విషయం తెలుసని అవతలివాళ్లకు అర్థమవుతుంది, 'అలాంటి రికార్డు లేదు' అనే జవాబుకు ధైర్యం చాలదు. కాలపరిమితి కచ్చితంగా పెట్టండి. 'మొదటి నుంచి ఇప్పటిదాకా' అంటే సిబ్బంది సమయమంతా దీనికే పోతుందని సెక్షన్ 7(9) చూపిస్తారు. నిజానికి ఆ సెక్షన్ అడిగిన రూపంలో ఇవ్వలేకపోతే వేరే రూపంలో ఇవ్వమంటుందే తప్ప ఇవ్వొద్దనదు. ఆరో అంశంలో తనిఖీ కోరడం ఆ వాదనకు ముందే కట్టిన అడ్డుగట్టు.

డబ్బు కట్టేటప్పుడు నెట్ బ్యాంకింగ్, కార్డులు, యూపీఐ అన్నీ పనిచేస్తాయి. ఖాతాలో సొమ్ము తగ్గి రిజిస్ట్రేషన్ నంబరు రాకపోతే వెంటనే మళ్లీ కట్టకండి. లెక్క సరిచూసుకున్నాక 24 నుంచి 48 గంటల్లో నంబరు దానంతటదే వస్తుంది. వచ్చిన నంబరు, దరఖాస్తు పాఠం రెండూ పీడీఎఫ్‌గా దాచుకోండి. అప్పీలు తెర ఆ నంబరుతోపాటు మొదట ఇచ్చిన ఈమెయిలే అడుగుతుంది. నెట్ సెంటరువాళ్ల ఈమెయిల్ పెట్టి దరఖాస్తు వేయిస్తే అక్కడ ఇరుక్కుపోతారు.

తర్వాత స్టేటస్ చూస్తూ ఉండాలి. సీపీఐవోకు పంపారని వస్తే మంచిదే. ఒకే దరఖాస్తును నాలుగైదు కార్యాలయాలకు పంచితే ఒక్కోదానికి ఒక్కో కొత్త నంబరు పుడుతుంది. వాటిలో రెండు జవాబిచ్చి మూడు ఊరుకుంటే, ఊరుకున్న మూడింటికీ విడివిడిగా అప్పీలు వేయాలి. పాత నంబరు మీద వేసింది చెల్లదు. ఇంకొకటి, పోర్టల్‌లో లేని కార్యాలయానికి కాగితం రూపంలో బదిలీ చేశామని స్టేటస్ వస్తే ఆన్‌లైన్ జాడ అక్కడితో తెగిపోతుంది. ఆ బదిలీ లేఖ ప్రతి అడిగి, ఆ తేదీ నుంచి గడువు మీరే లెక్కపెట్టుకోవాలి. ఇక్కడ పోర్టల్ చేతులెత్తేస్తుంది, ఇది పెద్ద లోపమే.

అదనపు రుసుము అడిగితే అదీ స్టేటస్‌లోనే కనబడుతుంది, ఆన్‌లైన్‌లోనే కట్టొచ్చు. ఏ4 పేజీకి 2 రూపాయలు. తనిఖీకి మొదటి గంట ఉచితం, ఆపై గంటకు 5 రూపాయలు. రుసుము అడిగిన రోజు నుంచి మీరు కట్టిన రోజు వరకు 30 రోజుల లెక్కలోకి రాదు కాబట్టి ఆలస్యం చేయకండి. 30 రోజులు దాటాక రుసుము అడిగితే మాత్రం కట్టనక్కర్లేదు. గడువు మీరినవాళ్లు ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6).

జవాబు రాకపోయినా, వచ్చింది సగమే అయినా 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. దీనికి రుసుము లేదు. పోర్టల్‌లో కారణాల జాబితా ఉంటుంది: గడువులో జవాబు లేదు, నిరాకరించారు, అసంపూర్తిగా లేదా తప్పుగా ఇచ్చారు, రుసుము అన్యాయంగా ఉంది, ఇతరం. సరైనది ఎంచుకుని అంశాలవారీగా రాయండి. 'రెండో అంశానికి జవాబు లేదు, నాలుగో అంశానికి ఇచ్చిన నివేదికల్లో జూన్, జులై లేవు' అన్నట్టు. ఆవేశంగా మూడు పేరాలు రాస్తే అసలు పాయింటు అందులో మునిగిపోతుంది. అప్పీలు వినే అధికారి 30 రోజుల్లో, కారణం చూపిస్తే 45 రోజుల్లో తేల్చాలి. అదే సంస్థలో పై అధికారి కనుక చాలాసార్లు కింది జవాబునే ఖాయం చేస్తాడు. అయినా ఈ మెట్టు దాటకుండా కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు కుదరదు, పైగా గడువు దాటిపోయిన కేసుల్లో చాలావరకు ఇక్కడే కదులుతాయి.

నిరాకరణల్లో ఇప్పుడు ఎక్కువ జాగ్రత్తపడాల్సింది వ్యక్తిగత సమాచారాన్ని మినహాయించే సెక్షన్ 8(1)(జె)తో. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా దీన్ని సవరించారు, ఆ సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇంతకుముందు ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని, లేదా అకారణంగా గోప్యతకు భంగం కలిగించే వ్యక్తిగత వివరాలనే ఆపేవాళ్లు, పార్లమెంటుకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదన్న షరతు కూడా ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాట చాలు. లబ్ధిదారుల జాబితాలు, హాజరు పట్టికలు, నియామకాల్లో ఎంపికైనవాళ్ల మార్కులు, అధికారి పేరు ఉన్న నోట్‌షీట్లు ఈ ఖాతాలో వేసేయడం తేలికైంది. పారదర్శకత పరంగా ఇది వెనకడుగే, సందేహం లేదు.

తలుపు పూర్తిగా మూసుకోలేదు. ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉంటే మినహాయింపు ఉన్న సమాచారమైనా ఇవ్వొచ్చన్న సెక్షన్ 8(2) అలాగే ఉంది. దాన్ని దరఖాస్తులోనే ఉటంకించి, ప్రయోజనం ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి. కారణం చెప్పనక్కర్లేదన్న సూత్రానికి ఇది ఒక్కటే తగిన మినహాయింపు. ఇంకా మంచి ఆయుధం సెక్షన్ 4(1)(బి). ఉద్యోగుల నెల జీతం పదో అంశం, సబ్సిడీ పథకాల అమలు, లబ్ధిదారుల వివరాలు పన్నెండో అంశం, రాయితీలు, పర్మిట్లు పొందినవాళ్ల వివరాలు పదమూడో అంశం. వీటిని ఎవరూ అడగకుండానే కార్యాలయం ప్రచురించాలి, ఈ సెక్షన్ మారలేదు. 'సెక్షన్ 4(1)(బి)(12) కింద ప్రచురించాల్సిన జాబితా ప్రతి' అని అడిగితే వ్యక్తిగతం అనడం కష్టం. పేర్లు ఇవ్వలేమంటే, వాటిని చెరిపేసి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 గుర్తుచేయండి.

బ్యాంకులు 8(1)(డి), (ఇ) చూపిస్తాయి, వ్యాపార రహస్యం, నమ్మకపు సంబంధం అని. 2015 డిసెంబరులో జయంతిలాల్ మిస్త్రీ కేసులో రిజర్వు బ్యాంకు ఇదే వాదన చేస్తే సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. సీబీఐ, ఈడీ, ఎన్ఐఏ లాంటివి సెక్షన్ 24 కింద బయటే ఉంటాయి, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తప్ప. జాతీయ పార్టీల నుంచి ఈ పోర్టల్‌లో ఏదో దొరుకుతుందని వెతక్కండి. ఆరు పార్టీలు చట్టం కిందికి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013 జూన్‌లోనే చెప్పింది, పార్టీలు పట్టించుకోలేదు.

రాష్ట్ర కార్యాలయాలకు దారి వేరు, ధరలూ వేరు. ఆంధ్రప్రదేశ్ 2005లో పెట్టిన రుసుములే విభజన తర్వాత తెలంగాణలోనూ కొనసాగాయి: గ్రామస్థాయిలో ఉచితం, మండలంలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10. ఆ దారిలో చివరి మెట్టు ఎంత బలహీనమో తెలంగాణ చూసింది. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా రాష్ట్ర సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేడు. అప్పీళ్లు వినే నాథుడు లేనప్పుడు కింద అధికారికి భయం ఎందుకుంటుంది?

కేంద్రంలో రెండో అప్పీలు 90 రోజుల్లోగా కేంద్ర సమాచార కమిషన్‌కు. ఇది ఆర్టీఐ పోర్టల్‌లో కాదు, కమిషన్ సొంత సైటులో వేయాలి. రెండింటికీ లంకె లేకపోవడంతో పాత కాగితాలన్నీ మళ్లీ ఎక్కించాలి: దరఖాస్తు, జవాబు, మొదటి అప్పీలు, దాని మీద ఉత్తర్వు, విషయసూచిక. ప్రతి పేజీ మీదా మీ సంతకం. అప్పీలు ప్రతిని ఎదుటి కార్యాలయానికి ముందే పంపి, ఆ రుజువు కూడా జతచేయండి. సమాచారం కావాలంటే సెక్షన్ 19 అప్పీలే వేయాలి. సెక్షన్ 18 ఫిర్యాదు మీద కమిషన్ జరిమానా వేయగలదే గానీ సమాచారం ఇప్పించలేదని 2011లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జరిమానా రోజుకు 250, మొత్తం 25,000 రూపాయలు మించదు. అది అధికారి నుంచి వసూలవుతుంది, మీ చేతికి రాదు. మీకు నష్టం జరిగితే సెక్షన్ 19(8)(బి) కింద పరిహారం విడిగా కోరాలి.

హియరింగుకు ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. జిల్లా కలెక్టరేట్‌లోని ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) వీడియో గదికి పిలుస్తారు, కనీసం 7 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మాట్లాడటానికి దొరికేది కొద్ది నిమిషాలే. ఏ అంశం రాలేదు, ఏ సెక్షన్ కింద కాదన్నారు, ఆ సెక్షన్ ఎందుకు వర్తించదు అన్న మూడు ముక్కలు ఒక పేజీలో రాసుకుని, కాగితాలకు పేజీ నంబర్లు వేసి తీసుకెళ్లండి.